చెప్పుల కింది ముల్లు, బఠాణీల్లోని ముల్లు

ఈ సంగతి గురించి నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేనే నాలుగు ఉత్తరాలు రాశాను. మూడు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, నాలుగోది స్వయంగా తీసుకెళ్లి అందినట్టు ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకున్నాను. నాలుగింటి రసీదులూ బీరువాలో భద్రంగా ఉన్నాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు. ఒక వారపత్రికకు ఇదే విషయం వ్యాసంగా రాసి పంపితే, "గడ్డి గురించి మా పాఠకులు చదవరండీ" అని ఫోనులో చెప్పారు. చెప్పినావిడ మాట మధ్యలో ఎవరితోనో టీ గురించి మాట్లాడింది. అది కూడా నాకు గుర్తే. ఇప్పుడు మీ పత్రికవాళ్లు వృత్తిలో మరిచిపోలేని సంఘటన ఒకటి రాయమన్నారు. అందుకని రాస్తున్నాను. గడ్డి గురించే రాస్తున్నాను.

అది 2024 వేసవి. అమెరికా నుంచి పసుపు బఠాణీల దిగుమతికి మళ్లీ అనుమతులు వచ్చి విశాఖ పోర్టుకు ఓడ మీద ఓడ వస్తున్న రోజులు. నేను కార్గో సర్వేయర్‌ని. అంటే ఓడలో వచ్చిన సరుకు కాగితంలో ఉన్నట్టే ఉందా లేదా అని చూసి రాసేవాణ్ణి. అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య నిలబడే మూడో మనిషిని. ముప్పై రెండేళ్లు ఈ పని చేసి నిరుడు రిటైరయ్యాను. మా కంపెనీ ఆఫీసు ద్వారకా నగర్‌లో. రిటైర్మెంటు రోజున శాలువా కప్పి "సర్వేయర్ వెంకటరమణ గారికి" అని మైకులో చెప్పారు. నా పేరు వెంకటరత్నం.

ఓడ రేవుకి రాగానే ముందు హ్యాచ్ తెరుస్తారు. హ్యాచ్ అంటే ఓడ కడుపులో సరుకు పోసిన అర మీది మూత. అది తెరిచాక, సరుకు తోడే ఇనప గ్రాబు లోపలికి దిగకముందే నేను దిగాలి. ట్రయర్ అనే పొడవాటి గొట్టాన్ని గింజల్లోకి గుచ్చి అక్కడక్కడా నమూనాలు తీయాలి. అన్నీ కలిపి కొంత భాగం సంచిలో కట్టి, అందరి సంతకాలతో సీలు వేసి, ఆఫీసు బీరువాలో దాచాలి. దాన్ని రిటెన్షన్ శాంపిల్ అంటారు. రేపు ఏదైనా తగాదా వస్తే విప్పి చూడడానికి. అందులో సరుకు కానిదేది కనిపించినా, మట్టిబెడ్డ గానీ పుల్ల గానీ వేరే గింజ గానీ, అది ఫారిన్ మేటర్. దాన్ని తూచి రాయాలి. హ్యాచ్‌లో మూడు అంతస్తుల లోతుకు నిచ్చెన మీద దిగి ఎక్కిన మోకాళ్లు ఇవి. ఇప్పుడు సీతమ్మధార డాక్టరు దగ్గర వాటికి వైద్యం చేయించుకుంటున్నాను.

గ్రాబు తీసిన బఠాణీలు లారీల్లో షెడ్డుకి వస్తాయి. అక్కడ సంచుల్లోకి ఎత్తేటప్పుడు నేల మీద ఒలికినవాటిని ఊడ్చి, చేటలతో చెరిగి, శుభ్రం చేసి మళ్లీ సంచుల్లో పోసే ఆడవాళ్లు ఉంటారు. ఊడ్పు గ్యాంగు అంటాం. ఆ షెడ్డులో గ్యాంగు పదకొండుమంది, అందరూ కంచరపాలెం వాళ్లు. వాళ్ల మేస్త్రి పైడమ్మ. వాళ్లకొక పద్ధతి ఉంది. షెడ్డు గుమ్మం దగ్గరే చెప్పులు వరసగా విప్పేసి లోపలికి వెళ్తారు. తిండిగింజ నేల మీద పరిచి ఉంటే చెప్పుకాలుతో తొక్కరు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు, ఏ బోర్డు మీదా రాసి లేదు. కాళ్లకి బూట్లు వేసుకుని ఆ గింజల మీద తిరిగేవాళ్లం మేమే.

సరుకు దించడం మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్లేసరికి పైడమ్మ బస్తా మీద కూర్చుని అరికాలు ఒళ్లోకి తీసుకుని చూసుకుంటోంది.

"ఏమైంది పైడమ్మా?"

"ముల్లు బాబూ. పొద్దుట్నించి నాకిది నాలుగోది. మా అప్పయ్యమ్మకైతే కాలు వాసిపోనాది. ఈ బటాణీల్లోంచే వొత్తన్నాయి."

ముల్లుని నా చేతిలో పెట్టింది. బఠాణీ అంత బంతి, చుట్టూ సూదులు. చూడగానే గడ్డిముల్లు అని తెలిసింది. నేను డిగ్రీలో బాటనీ చదివినవాణ్ణి. షెడ్డు బయటికొస్తుంటే గుమ్మం దగ్గర పదకొండు జతల చెప్పులు కనిపించాయి. రబ్బరు అడుగుల నిండా గడ్డిముళ్లు గుచ్చుకుని ఉన్నాయి. గేటు నుంచి షెడ్డు దాకా ఉన్న ఇసక నేలలో ఆ గడ్డి ఉంది. లోపల ముల్లు, బయట ముల్లు. నేను రెండూ కలిపేశాను. నిలబడ్డ చోటే నోట్ రాసేశాను: "స్థానిక గడ్డి ముల్లు. యార్డు నుంచి కూలీల ద్వారా చేరి ఉండవచ్చు."

రాయడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. లెన్స్ నా జేబులోనే ఉంది. తీయలేదు.

ఆ సాయంత్రమే మా మేనేజర్ శ్రీధర్ ఆ నోట్‌ను రిపోర్టులో చేర్చి సంతకం పెట్టి పంపేశాడు. అప్పటికే దిగుమతిదారు ఏజెంటుకి ముళ్ల గురించి పై ఊళ్ల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. మా వాక్యం అతనికి దేవుడిచ్చినట్టు దొరికింది. తప్పు ఓడది కాదు, సరుకుది కాదు, ఊడ్చేవాళ్లది. రెండో రోజుకి పదకొండుమంది గేటు పాసులు ఆపేశారు. పాసు లేకపోతే పోర్టు గేటు దాటడం ఉండదు. పన్నెండు రోజుల్లో ఇంకో బఠాణీ ఓడ రావలసి ఉంది. దానికి గ్యాంగు పేర్ల జాబితా ముందే ఇచ్చేయాలి. అందులో వీళ్ల పేర్లు లేకపోతే వేరే కాంట్రాక్టరు గ్యాంగు వచ్చేస్తుంది. ఒకసారి వచ్చినవాళ్లు పోరు.

ఇదేమీ నాకు తెలియదు. మూడో రోజు నేను ద్వారకా నగర్ ఆఫీసు మెట్లు దిగుతుంటే పైడమ్మ వాచ్‌మన్‌తో తగువు పెట్టుకుని కనిపించింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. కవరులో చెప్పు.

వాచ్‌మన్ నన్ను చూసి, "సార్, ఈవిడ సెప్పట్టుకొని పైకెలిపోతానంతంది" అన్నాడు.

"సెప్పు తెచ్చింది కొట్టడానికి కాదు నాయనా, సూపించడానికి" అంది పైడమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "బాబూ, మా మీద నువ్వేనా రాసినావు?"

"రాశాను. మీ మీద అని కాదు..."

"ఏటని రాసినావో సెప్పు."

చెప్పాను.

"మేం సెప్పులేసుకొని తిండిగింజ మీద నడిసినామా? నువ్వు సూసినావా?"

"చూడలేదు."

"సూడకుండా రాసేత్తావేటి? ఇరవై రెండేళ్లు సేసినాను నాను. మా అత్త సేసినాది. ఇడిసిన సెప్పులు గుమ్మం కాడుంటే లోనకి ముల్లు ఎలాగెలిపోద్ది? రెక్కలొచ్చి ఎగిరినాదేటి?"

ఆమె మెట్టు మీద కూర్చుని కవరులోంచి చెప్పు తీసింది. కొంగున కట్టుకున్న అగ్గిపెట్టె విప్పింది. అందులో షెడ్డులో ఏరిన ముళ్లు.

"ఇది మా సెప్పుది. ఇసక ముల్లు. సిన్నప్పుట్నించి తొక్కుతున్నాం. సూడు." చెప్పు అడుగునుంచి ఒకటి పీకి బొటనవేలితో నలిపింది. ముళ్లు పోచల్లా విడిపోయి చేతిలో రాలాయి. "ఇది బటాణీల్లోది. నలుపు, నువ్వే నలుపు."

నలిపాను. విడిపోలేదు. నా వేలిలో దిగింది. రక్తం చుక్క వచ్చింది.

"దెబ్బ తగిల్నాదా?" అంది పైడమ్మ. "తగల్నీ."

నాకు జరిగిన అవమానాలు నేను మరిచిపోనని మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. కంపెనీ సావనీర్‌లో గ్రూపు ఫొటో వేసి నన్ను సగానికి కత్తిరించినవాడి పేరు చెప్పమంటే ఇప్పుడూ చెప్తాను. కానీ ఆ రోజు ఆ మెట్ల మీద తెలిసింది, ఈసారి లెక్కలో అవతలి వైపు నిలబడింది నేనేనని. పదకొండుమందికి అన్యాయం చేసినవాడి పేరు వాళ్లందరికీ నా అంత బాగానూ గుర్తుంటుంది.

అగ్గిపెట్టె, చెప్పు రెండూ తీసుకుని తిన్నగా సీతమ్మధార వెళ్లాను. అక్కడ ఎస్తేరు మేడమ్ ఉన్నారు. డిగ్రీలో నాకు బాటనీ చెప్పినావిడ. రిటైరై చాలా ఏళ్లయింది. ఇంట్లో ఒక గది నిండా అట్టలకి అంటించిన గడ్డిమొక్కలే. ఉత్తరాంధ్ర తీరమంతా తిరిగి పోగుచేసినవి. చర్చికి వేసుకెళ్లే బూట్లకి కూడా గడ్డిముళ్లు ఉంటాయని పిల్లలం చెప్పుకునేవాళ్లం.

"మేడమ్, దీని పేరు కావాలి" అని ముల్లు బల్ల మీద పెట్టాను.

"కూర్చో. పేరు సరే, ఇది ఎక్కడ నిలబడి ఉండగా తెచ్చావు?"

"నిలబడి లేదండీ. బఠాణీల్లో దొరికింది."

"చూశావా. ఇల్లూ వాకిలీ లేని మనిషిని తెచ్చి పేరు చెప్పమంటున్నావు" అంటూనే లెన్స్ తీశారు.

మైక్రోస్కోపు కింద రెండు ముళ్లూ పక్కపక్కన పెట్టి నన్ను చూడమన్నారు. చెప్పుదీ, బఠాణీల్లోదీ రెండూ ఒకే కుటుంబం. సెంక్రస్ అనే గడ్డి జాతి. ముల్లు అని మనం అనుకునేది నిజానికి గింజల చుట్టూ అల్లుకున్న గూడు. దాన్ని బర్ అంటారు. చెప్పుదాంట్లో ముళ్లు అడుగున మాత్రమే అతుక్కుని పైకి విడివిడిగా ఉన్నాయి. అందుకే నలిపితే రాలాయి. అది సెంక్రస్ బైఫ్లోరస్, మన ఇసక నేలల్లోది. రెండోదాంట్లో ముళ్లు కింది సగందాకా ఒకదానికొకటి కలిసిపోయి గట్టి గిన్నెలా తయారయ్యాయి. పక్కన ఒక చీలిక. గిన్నె ఒంటి నిండా సన్నని పొడవాటి సూదులు. లెక్కపెట్టమన్నారు. నలభై దాటాక వదిలేశాను.

మేడమ్ పుస్తకాల్లో బొమ్మలు తిరగేసి, అరగంట తర్వాత కళ్లజోడు తీశారు. "సెంక్రస్ లాంగిస్పైనస్. పొడుగు ముళ్లది అని అర్థం. నేను మన తీరంలో ఎక్కడా చూడలేదు. దీని ఇల్లు ఉత్తర అమెరికా. నదుల పక్కన ఇసక మేటలు, దున్ని వదిలేసిన తేలిక నేలలు, రోడ్డు అంచులు, రైలు కట్టలు. మనిషి నేలని గెలికిన చోటల్లా ఇది లేస్తుంది. బఠాణీ చేలో ఉండడం వింతేమీ కాదు."

"అయితే ఓడలోనే వచ్చింది."

"మొక్క ఎక్కడిదో నేను చెప్పగలను. ఓడలో వచ్చిందో, నువ్వు జేబులో వేసుకుని తెచ్చావో నేనెలా చెప్తాను? దానికి నీ దగ్గర సాక్ష్యం ఉందా?"

ఉంది. బీరువాలో సీలు వేసి ఉంది. హ్యాచ్ తెరిచిన రోజున, ఏ కూలీ చెయ్యీ కాలూ తగలకముందు నేను తీసిన శాంపిల్. అందులో ఈ ముల్లు ఒక్కటి దొరికినా చాలు. దొరక్కపోతే మాత్రం వాళ్ల పని అయిపోయినట్టే.

మర్నాడు శ్రీధర్ గదిలోకి వెళ్లాను. అతను నాకన్నా పద్దెనిమిదేళ్లు చిన్న. వచ్చిన మొదటి వారంలోనే నా కుర్చీని ఏసీ నీళ్లు కారే మూలకి జరిపించాడు.

"సీలు విప్పాలి" అన్నాను.

"రత్నం గారూ, రిపోర్టు వెళ్లిపోయింది. మనం రాసింది తప్పని మనమే చెప్పుకుంటామా?"

"తప్పు రాసింది నేను. చెప్పుకునేదీ నేనే."

"కింద సంతకం నాదండీ."

"సంతకం పెట్టేముందు చదివి ఉండవలసింది."

అతని మొహం ఎర్రబడింది. "మీ బాటనీ పాఠాలు కాలేజీలో చెప్పుకోండి. ఇది బిజినెస్. ఊడ్చేవాళ్లు మారితే ప్రపంచం మునిగిపోదు."

నేను బయటికొచ్చి అతని గది ఎదురుగా విజిటర్ల కుర్చీలో కూర్చున్నాను. నా మూలకి వెళ్లలేదు. ఎవరు వచ్చినా, "ఏంటండీ ఇక్కడ కూర్చున్నారు?" అని అడుగుతారు కదా. అడిగినవాళ్లందరికీ మొదటినుంచి చివరిదాకా చెప్పాను. కస్టమర్లకి చెప్పాను. కొరియర్ అతనికి చెప్పాను. ఓడ తరఫు ఏజెంటు గుమాస్తాకి చెప్పాను. మూడు రోజులు కూర్చున్నాను. మూడో రోజు సాయంత్రం శ్రీధర్ తలుపు తీసి, "రేపు పదకొండింటికి అందరినీ పిలుస్తున్నాను. దయచేసి లేవండి" అన్నాడు.

మర్నాడు ఓడ తరఫున ఒకరు, దిగుమతిదారు ఏజెంటు తరఫున ఒకరు వచ్చారు. వాళ్లెదురుగా సీలు చూసి, సంతకాలు చూసి, విప్పాను. జల్లెడ పట్టాను. ఏమీ లేదు. ఇంకోసారి పట్టాను. దుమ్ము, నాలుగు విరిగిన గింజలు, ఒక పుల్ల. ఏజెంటు మనిషి వాచీ చూసుకున్నాడు. శ్రీధర్ గోడకేసి చూస్తున్నాడు.

అప్పుడు తట్టింది. ఆ ముల్లు బఠాణీ అంతే ఉంటుంది. జల్లెడకి రెండూ ఒకటే. రెండూ పైనే ఉండిపోతాయి, లేదా రెండూ కిందికి పోతాయి. ఈ రకం చెత్తని వేరు చేసే సాధనం మా లాబొరేటరీలో లేదు. షెడ్డులో ఉంది.

"చేట కావాలి" అన్నాను.

ఏజెంటు మనిషి నవ్వాడు. కానీ పైడమ్మ పొద్దుట్నించి కింద మెట్ల దగ్గరే ఉంది, చేటతో సహా. ఆమె పైకి రాగానే శ్రీధర్ అడ్డొచ్చాడు. "ఆవిడ ముట్టుకోవడానికి లేదు. ఈ వ్యవహారంలో ఆవిడకి లాభం ఉంది. రేపు ఆవిడే వేసిందంటారు."

అతను అన్నది సబబే. అతను చెప్పిన సబబైన మాటలు కూడా నేను గుర్తుపెట్టుకుంటాను. చేటని అందరూ తిరగేసి, దులిపి చూశారు. దాన్ని నేనే తీసుకున్నాను. పైడమ్మ గుమ్మం బయట నిలబడింది. అలవాటు చొప్పున చెప్పులు కింద మెట్ల దగ్గరే విప్పేసి వచ్చింది. నేల మీద తెల్ల దుప్పటి పరిచి బఠాణీలు చేటలో పోసి చెరగడం మొదలుపెట్టాను. మొదటి విసురుకే గుప్పెడు గింజలు దుప్పటి మీదికి ఎగిరాయి.

"ఓలమ్మో!" అంది పైడమ్మ గుమ్మంలోంచి. "అది సేట బాబూ, ఇసనకర్ర కాదు. మణికట్టాడించు. భుజం కాదు, మణికట్టు."

ఆడించాను.

"నీ కాసి వొంచు. మరీ వొంచీకు. ఇప్పుడు కొట్టు, మెల్లగా. గింజ ముందుకెల్తాది, ముల్లు ఎనకే ఉండిపోద్ది. ఎదురుబద్దలట్టుకుంతాది."

నా చొక్కా తడిసిపోయింది. ఓడ తరఫు ఆయన వచ్చి వంగి చూస్తున్నాడు. చేటలో గింజలు అలలా ముందుకీ వెనక్కీ పోతున్నాయి. నాలుగోసారి పోసిన గింజల్లో, చేట వెనకభాగంలో వెదురు అల్లిక సందున, ఒకటి ఆగింది. గింజలన్నీ ముందుకి జారినా అది కదల్లేదు.

"ఉన్నాది" అంది పైడమ్మ, అంత దూరం నుంచి.

మొత్తం చెరిగేసరికి రెండు దొరికాయి. రెండింటినీ తెల్ల కాగితం మీద పెట్టాను. పక్కన చెప్పులోని ముల్లు పెట్టి, లెన్స్ ఏజెంటు మనిషి చేతికిచ్చాను. తేడా ఏమిటో చెప్పాను. అతనికి నమ్మకం కలగలేదు. చెప్పు ముల్లుని వేళ్ల మధ్య నలిపాడు. రాలిపోయింది. తర్వాత శాంపిల్ ముల్లుని నలిపాడు.

"అబ్బా!" అన్నాడు.

గుమ్మం దగ్గర పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జాబితా ఇవ్వడానికి రెండు రోజుల ముందు పాసులు తిరిగి ఇచ్చారు. పదకొండుమందీ తర్వాతి ఓడకి లోపలికి వెళ్లారు. సవరించిన రిపోర్టులో శ్రీధర్ "నిపుణుల అభిప్రాయం మేరకు" అని రాశాడు. ఏ నిపుణులు? ఎస్తేరు మేడమ్ పేరు లేదు. తేడాని అందరికన్నా ముందు చేత్తో పట్టుకుని చూపించినది పైడమ్మ. ఆమె పేరు లేదు. నా పేరు సంగతి వదిలేయండి, నాకు అలవాటే. వాళ్లిద్దరి పేర్లు రాయమని అడిగితే, "పేర్లెందుకండీ, పని అయింది కదా" అన్నాడు. తప్పు వాళ్ల మీద వేసినప్పుడు మాత్రం పదకొండు పేర్లూ తండ్రి పేర్లతో సహా కాగితం మీద ఉన్నాయి.

ఇక్కడితో అయిపోతే నేను నాలుగు ఉత్తరాలు రాసేవాణ్ణి కాదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు పైడమ్మ ఫోను చేసింది. "బాబూ, నీ సుట్టం మా ఇంటికాడ దిగినాది. వొచ్చి సూసుకో."

కంచరపాలెంలో వాళ్ల ఇంటి వెనక రైలు కట్ట. పోర్టు నుంచి సరుకు వ్యాగన్లు అక్కడ సైడింగులో, అంటే పక్క లైనులో, ఆగి సిగ్నల్ కోసం నిలబడతాయి. వ్యాగను తలుపు సందుల్లోంచి గింజలు రాలతాయి. వేసవంతా బఠాణీలు రాలాయి, వాటితోపాటు ముళ్లూ రాలాయి. కట్ట వారన కంకరలో, ఇసకలో పది పన్నెండు గడ్డి దుబ్బులు నేలని అంటిపెట్టుకుని పాకుతున్నాయి. కాడల మొదళ్లు చదునుగా, కాస్త ఎర్రగా ఉన్నాయి.

"ఇదే అని నీకెలా తెలిసింది? ఇంకా ముల్లు వేయలేదుగా" అన్నాను.

"పీకు" అంది.

మొదలంటా తవ్వి తీశాను. వేళ్ల దగ్గర, మొక్క పుట్టిన చోట, పాత ముల్లు అలాగే పట్టుకుని ఉంది. గట్టి గిన్నె, పొడవాటి సూదులు. ఏ ముల్లులోంచి పుట్టిందో దాన్ని మొక్క వదలలేదు. దాన్ని అట్టకి అంటించి ఎస్తేరు మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ తిప్పి తిప్పి చూసి, "ఇప్పుడు ఇల్లు దొరికింది" అన్నారు. సంతోషంగా అనలేదు. "అక్కడి రైలు కట్టకీ ఇక్కడి రైలు కట్టకీ దానికి తేడా తెలియదు. ఇసక, ఎండ, గెలికిన నేల. రత్నం, ఒక్కో బర్‌లో రెండు మూడు గింజలుంటాయి. ఒకటి ఈ ఏడు మొలుస్తుంది. రెండోది నిద్రపోయి వచ్చే ఏడు లేస్తుంది. ఒకసారి పీకి ఊరుకుంటే లాభం లేదు."

ఆ సాయంత్రం పైడమ్మ, నేను, గ్యాంగులో నలుగురు కలిసి కనిపించిన దుబ్బులన్నీ పీకి కాల్చేశాం. తర్వాత నేను విదేశీ కలుపు మొక్కల సంగతి చూడవలసిన కార్యాలయానికి మొదటి ఉత్తరం రాశాను. మొక్క ఫొటోలు, ముల్లు ఫొటోలు, చోటు గీసిన పటం, మేడమ్ రాసిన గుర్తింపు వివరం, అన్నీ జత చేశాను. మరుసటి ఏడు అదే చోట మళ్లీ లేచింది. ఈసారి కట్టకి అవతలి వైపు కూడా. మళ్లీ పీకాం, మళ్లీ రాశాను. ఆ కార్యాలయానికి వెళ్తే నన్ను నిలబెట్టే మాట్లాడారు. కుర్చీ ఖాళీగా ఉంది. "గడ్డే కదండీ, వానకి వస్తుంది, ఎండకి పోతుంది" అన్నారు. అది పోదు. అదే నేను చెప్పడానికి వెళ్లింది.

ఈ ఏడు కట్ట కింద పిల్లలు క్రికెట్ ఆడే మట్టి దాకా వచ్చింది. చెప్పుల్లేకుండా ఆడతారు వాళ్లు. పైడమ్మ మనవరాలి కాలినుంచి పోయిన నెల మూడు ముళ్లు తీశారు. గట్టివి, నలిపితే విడిపోనివి.

ఈ వృత్తిలో ముప్పై రెండేళ్లకి నేను నేర్చుకున్నది ఆ అర నిమిషంలోనే ఉంది. తెలియనప్పుడు "తెలియదు" అని రాయడానికి కూడా అంతే సమయం పట్టేది. "స్థానిక" అన్న మాట నేను చూసి రాసింది కాదు, సులువుగా ఉందని రాసింది. సులువైన మాట ఎప్పుడూ గుమ్మం దగ్గర చెప్పులు విప్పేసిన మనిషి మీదికే పోతుంది. ఆ తర్వాత నేను లెన్స్ తీయకుండా ఏ గడ్డికీ పేరు పెట్టలేదు. అడగకుండా ఏ మనిషికీ తప్పు అంటగట్టలేదు. నా తప్పుకి పైడమ్మ ఇంటికెళ్లి, గ్యాంగు అందరి ముందూ క్షమించమని అడిగాను. "సరేలే బాబూ, సేట పట్టుకోడం నేర్సుకున్నావు కదా" అని నవ్వేసింది. ఆమె మరిచిపోయిందో లేదో నాకు తెలియదు. నేనైతే మరిచిపోయేవాణ్ణి కాదు.

నాకు క్షమాపణ అక్కర్లేదు. శాలువా అక్కర్లేదు. నా ఉత్తరాలు అందుకున్నవాళ్లలో ఒకరు ఈ పత్రిక చదువుతారనే అనుకుంటాను. మీ ఇన్‌వార్డ్ ముద్ర నా కాగితం మీద ఉంది, కాదనడానికి లేదు. వానలు తగ్గేలోగా, ముళ్లు ముదిరి రాలకముందే, ఎవరు వస్తారో, ఏ రోజు వస్తారో చెప్పండి. చోటు చూపించడానికి నేను, పైడమ్మ కట్ట దగ్గర ఉంటాం. రామంటే రామనే రాయండి. ఒక్క వాక్యం చాలు. కానీ కింద సంతకం ఉండాలి, సంతకం కింద పేరు ఉండాలి.